ముక్కు స్ప్రే కంటే ముందు అడగాల్సిన మాట

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేశాను. ఆక్సిటోసిన్ అంటే మాకు కాన్పు నొప్పులు తెప్పించే మందు. ఫ్రిజ్‌లో దాచి, సెలైన్‌లో కలిపి, చుక్కలు లెక్కపెట్టుకుంటూ ఎక్కించేవాళ్లం. గేదెలు చేపడానికి కొందరు దొంగచాటుగా పొడిచేదీ ఇదే. ఈ హార్మోన్‌ను ముక్కులో స్ప్రే చేసి, ప్రమాదాల తర్వాత మనసును పట్టి పీడించే పీటీఎస్‌డీని ఆపగలమా అని విదేశాల్లో పరీక్షిస్తున్నారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా మేనల్లుడు గుర్తొచ్చాడు.

హైవే మీద లారీ గుద్దితే వాడి కాలికి రాడ్ వేశారు. ఆరు నెలలకు నడిచాడు. కానీ ఎయిర్ హారన్ వినపడితే చేతిలో టీ ఒలికిపోయేది. రాత్రి లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. "కళ్లు మూస్తే ఆ హెడ్‌లైట్లే అత్తా" అన్నాడొకసారి. కట్టు మార్చడానికి ఎన్నిసార్లు వెళ్లినా, నిద్ర పడుతోందా అని ఆస్పత్రిలో ఒక్కరూ అడగలేదు. నర్సునై ఉండి నేనూ అడగలేదు. అదే పోతుందిలే అనుకున్నాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎమర్జెన్సీకి వచ్చిన వంద మందికి పైగా బాధితులతో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఘటన జరిగిన 12 రోజుల్లోపే మొదలుపెట్టి, రోజుకు రెండుసార్లు, 8 రోజులు కొందరికి మందు స్ప్రే, కొందరికి ఉత్త స్ప్రే ఇచ్చారు. నెలన్నర తర్వాత చూస్తే మొత్తం మీద తేడా లేదు. మొదట్లోనే లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లలో మాత్రం కొంత మేలు కనిపించింది. అంటే ఎవరికి ఇవ్వాలో తెలియాలన్నా ముందు ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడగాలి. నాకు స్ప్రే కంటే ఇదే పెద్ద విషయంగా తోచింది.

పరీక్షలు జరగాలి, మన దగ్గరా జరగాలి. రోగికి తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకుంటేనే జరగాలి. అంతదాకా ఆన్‌లైన్‌లో ఆక్సిటోసిన్ పేరుతో దొరికే సీసాలు దయచేసి కొనకండి. భయాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ పనిచేస్తుందని ఇప్పటికే రుజువైంది, కానీ అక్కడికి పంపేవాళ్లే లేరు.

ఆరోగ్య శాఖను కోరేది ఒక్కటే. ప్రమాద బాధితుల డిశ్చార్జి కాగితంలో నిద్ర, పీడకలలు, భయం గురించి మూడు ప్రశ్నలు చేర్చండి. వాటి కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయించండి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు