మోడల్ 60 మెరుపు సంగతి

ఒరేయ్ సూరీ,

నువ్వు పంపిన మోడల్ 60 రివాల్వర్ ఫోటోలు చూశాను. డబ్బు కట్టడానికి ఒక్కరోజు ఆగరా. అద్దంలా మెరుస్తోందని నువ్వు మురిసిపోతున్నావు, నా అనుమానం ఆ మెరుపు మీదే.

స్మిత్ అండ్ వెసన్ 1965లో దీన్ని వదిలింది. .38 స్పెషల్ రకం తూటాలు వేసే అయిదు గుళ్లది, స్టెయిన్‌లెస్ రివాల్వర్లకి ఆద్యం ఇదే. తొలి విడతవి తళతళలాడే పాలిష్‌తో వచ్చాయి, తర్వాత మెరుపు తగ్గించి సాటిన్‌కి మారారు. మెరిసేవాటికి గిరాకీ ఎక్కువ కాబట్టి, సాటిన్‌దాన్ని బఫింగ్ చక్రానికి పెట్టి తొలి విడతదని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. బ్లూయింగ్, అంటే ఉక్కు మీద నీలినలుపు పూత, ఉన్నదైతే రుద్దిన చోట రంగు పోయి గుట్టు బయటపడేది. దీనికి పైపూతే లేదు, ఎంత అరగదీసినా కింద అదే లోహం!

అందుకే మెరుపు చూడకు, అంచులు చూడు. టార్చి ఏటవాలుగా పట్టు. సైడ్‌ప్లేట్, అంటే లోపలి భాగాల్ని కుడిపక్కన మూసే పలక, దాని అతుకు వెంట్రుకంత సన్నగా, కనీకనపడకుండా ఉండాలి. స్క్రూ రంధ్రం గట్టు పదునుగా ఉండాలి, మూకుడులా లోపలికి వాలిందంటే చక్రం తగిలినట్టే. కుడివైపు ఫ్రేమ్ మీది నాలుగు వరసల అక్షరాల్లో ఒక కొస లోతుగా, ఇంకో కొస చెరిగినట్టుంటే ఇక బేరమే వద్దు. కుడి పిడిచెక్క లోపల నంబరు ఉంటే, పిడి అడుగున ఉన్న నంబరుతో సరిచూడు. గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టి నీకు కొనడానికి ఇబ్బంది లేదు, వీసా మీదున్న మనవాళ్లకి మాత్రం అక్కడి చట్టం అడ్డం, మినహాయింపులు కొన్నే.

ఒకవేళ కొంటే, విప్పేముందు సిలిండర్ తెరిచి అయిదు గదులూ ఖాళీయేనా అని కళ్లతో చూడు, వేలితోనూ తడుము. ఇంట్లో వాడే స్క్రూడ్రైవర్ కొస చివరికి సన్నబడుతూ ఉంటుంది, స్క్రూ గాడి పైఅంచు మీదే ఒత్తి చెక్కేస్తుంది. కొస రెండువైపులా సమాంతరంగా ఉండే గన్‌స్మిత్ బిట్ కావాలి. మూడు సైడ్‌ప్లేట్ స్క్రూలనీ ఏది ఎక్కడిదో అట్టముక్కకి గుచ్చిపెట్టు. ముందుది యోక్‌ని, అంటే సిలిండర్‌ని మోస్తూ పక్కకి తెరుచుకునే చేతిని, పట్టి ఉంచేది, దాన్ని మార్చి బిగిస్తే సిలిండర్ బిగుసుకుంటుంది, లేదా వదులవుతుంది. ప్లేట్ సందులో ఏదీ దూర్చి లేపకు. ప్లేట్ పైకి ఉండేలా పట్టుకుని, పిడి ఫ్రేమ్ మీద చెక్కపిడితో టకటకా కొట్టు, ఆ అదురుకి అదే లేస్తుంది. తొడుగుల్ని బయటికి తోసే కడ్డీ, అదే ఎజెక్టర్ రాడ్, దానిది ఎడమ మర, ముందునుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. తిప్పేముందు గదుల్లో ఖాళీ గుండ్ల తొడుగులు పెట్టు, లేకపోతే తొడుగుల్ని పట్టి లాగే ఎక్‌స్ట్రాక్టర్ మెలి తిరుగుతుంది.

తుప్పు చుక్కలకి మామూలు స్టీల్ ఉన్ని వాడితే దాని పొడి లోహంలో ఇరుక్కుని, అదే మళ్లీ తుప్పు పడుతుంది. కంచు ఉన్ని, నాలుగు చుక్కల నూనె చాలు. సాటిన్ ఉపరితలం మీద గీతలుంటే బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ పీచుతో బ్యారెల్ పొడవునా ఒకేవైపు లాగు, గుండ్రంగా రుద్దావో ఆ సుడులు జన్మలో పోవు. హ్యామర్, ట్రిగ్గర్ జోలికి పాలిష్‌తో వెళ్లకు: చాలావాటిలో అవి పల్చటి క్రోమ్ వేసిన మామూలు ఉక్కు. సిలిండర్ ముఖం మీది నల్లటి వలయాలు ఏ హానీ చేయవు, వదిలేయ్. సీసం మరకలు తుడిచేటప్పుడు గ్లవ్స్ వేసుకో.

తిరిగి బిగించేటప్పుడు యోక్ కాడకి పల్చగా గ్రీజు రాయి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పొడిగా రాసుకుంటే ఒకదాన్నొకటి పీక్కుని గరుకు తేలుతుంది.

ముందు ఆ స్క్రూ రంధ్రాల ఫోటోలు, దగ్గరనుంచి తీసి, ఈ రాత్రికే పంపు.

నీ
రవి