ఫైలేమో బీరువాల, అడిగినోని పేరేమో బజార్ల

ఎడిటర్ గారికి నమస్తే,

నల్లగొండ కలెక్టరేట్ దగ్గర్ల నాది చిన్న జిరాక్స్, టైపింగ్ షాపు సార్. దేవరకొండ, చండూరు, హాలియా, నకిరేకల్ దిక్కు నుంచి పని మీద వచ్చినోళ్లు నా దగ్గర ఆగి దరఖాస్తులు టైప్ చేపిచ్చుకుంటరు, అందుల ఆర్టీఐవి, అంటే సమాచార హక్కు చట్టం కింద ఏసేటియి, శానా ఉంటయి. ఊరి పంచాయతీల అడిగితే ఫీజు లేదు, మండలం ఆఫీసుకు ఐదు రూపాయలు, ఆ పైన ఏ ఆఫీసుకైనా పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోతది, ఇవన్నీ నాకు నోటికొచ్చు. అందరివీ టైప్ చేసి చేసి ఒకసారి నేను గూడ నా పేరు మీద ఒకటి ఏసిన, దాని సంగతే ఈ ఉత్తరం. మీ జిల్లా పేజీల ఆర్టీఐ వార్తలు వస్తనే ఉంటయి గని ఈ ముచ్చట మాత్రం ఎవరు రాయంగ నేను చూడలె.

మా ఊరి చెరువు కట్ట రిపేరు చేసిన్రు. కట్ట పొడుగంత మొరం పోసి రోలర్ తిప్పినట్టు బిల్లు అయింది. ఒక్క పెద్ద వానకే తూము కాడ కొట్టుకపోయింది, గడ్డపార పట్టుకపోయి తవ్వి చూస్తే మొరం జానెడు గూడ లేదు, కింద పాత నల్లమట్టే. అయితే ఆ పని ఎం-బుక్ కాపీ, బిల్లు కాపీ కావాలని అడిగిన. ఎం-బుక్ అంటే పని కొలతలు రాసే పుస్తకం, ఎన్ని మీటర్ల పొడుగు ఎంత వెడల్పు ఎంత మందం అని ఇంజినీర్లు రాసి సంతకం పెడ్తరు, దాన్ని బట్టే పైసలిస్తరు. అందుల దేశ రహస్యం ఏముంటది చెప్పున్రి. ముప్పై రోజుల్ల రావాల్సిన జవాబు నలభై దాటినంక పీఐఓ, అంటే సమాచారం ఇయ్యాల్సిన ఆఫీసరు, కాడి నుంచి వచ్చింది, ఇది వ్యాపార రహస్యం, మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం, 8(1)(డి), 8(1)(జె) కింద ఇయ్యరాదు అని. టెండర్ అయిపోయి, పని అయిపోయి, పైసలు గూడ తీసుకున్నంక ఇంకేం వ్యాపార రహస్యమో నాకైతే సమజ్ కాలె.

అదే ఆఫీసుల పై అధికారికి మొదటి అప్పీల్ పెట్టిన. హియరింగుకు పిలిచిన్రు. పోయి కూసున్న. ఫైలు ఆయన టేబుల్ మీదనే ఉంది సార్, నాకు మూరెడు దూరంల. అట్ట మీద నీలి సిరాతో నంబరు, నడుమ తెల్ల తాడు, ఆ తాడు ముడి బిగుసుకపోయి మురికి పట్టి నల్లగ అయింది, నెలల సంది ఎవ్వరు విప్పినట్టు లేదు. ఆయన ఎడమ చెయ్యి దాని మీద పెట్టుకోనే మాట్లాడిండు.

"సార్ అందుల ఏమున్నదో మీరన్నా చూసిన్రా" అని అడిగిన.

"పీఐఓ రాసిండు గదా కాన్ఫిడెన్షియల్ అని."

"అది తప్పనే గద సార్ నేను అప్పీల్ చేసింది."

"అప్పీల్ నడుస్తున్నది గాబట్టే ఇప్పుడు అస్సలు తియ్యరాదు, అర్థం చేసుకోవాలె నువ్వు."

పది నిమిషాలు గూడ పట్టలె. వారం తర్వాత ఆర్డర్ వచ్చింది, పీఐఓ ఇచ్చిన సమాధానం సక్రమంగానే ఉన్నది, అప్పీలు కొట్టివేయడమైనది, అంతే, రెండు లైన్లు. ఏ పేజీ చూసిండు, ఏ ముక్క ఎందుకు రహస్యం అనుకున్నడు అన్నది ఒక్క మాట లేదు. ఉండదు గూడ, ఎందుకంటే ముడి విప్పలేదు, నేను చూస్తనే ఉన్న గద.

ఇక్కడ ఒక మాట ఒప్పుకుంట సార్. అప్పీల్ నడిచేటప్పుడు ఆ కాయిదం అప్పీల్ చేసినోనికి చూపియ్యొద్దు అన్నది సరైన మాటే. చూపిస్తే ఇంక తేల్చేదేం ఉంటది, చూసినంక చూడలేదనుకో అంటే కుదురుతదా. నా షాపుకు అన్ని రకాల జనం వస్తరు. ఒకాయన పొలం పంచాయితీల పాలోని మీద కోపంతోని వాళ్ల కోడలు ఏ దవాఖానల ఏం పరీక్షలు చేపిచ్చుకున్నదో కావాలె అని ఆర్టీఐ టైప్ చెయ్యమన్నడు, నేను చెయ్య, వేరే షాపుకు పో అని పంపిచ్చిన. ఇంకొకాయనకు రేషన్ డీలర్ మీద పిటిషన్ పెట్టినోళ్ల పేర్లు కావాల్నట, ఆ పేర్లు బయటపడితే పిటిషన్ పెట్టినోని గతి ఏమైతదో అందరికీ ఎరుకే, చట్టంల గూడ 8(1)(జి) అని దానికే పెట్టిన్రు. కాబట్టి దాచాల్సినవి ఉంటయి. తేలేదాక దాచున్రి, సీల్ ఏసి పెట్టున్రి, నాకేం బాధ లేదు.

గని దాచేది ఎవరికి కనపడకుండ? అడిగినోనికి కనపడకుండ. తీర్పు చెప్పేటాయనకు కనపడకుండనా? డాక్టర్ చెయ్యి పట్టి చూడకుండ జ్వరం లేదు పో అన్నట్టు ఉంది. చట్టంల 18(4) అని ఉంది సార్, ఫిర్యాదు మీద విచారణ చేసేటప్పుడు సమాచార కమిషన్ ఏ రికార్డు అడిగినా ఏ కారణం చెప్పి గూడ దాని నుంచి దాచరాదు అని. కమిషన్‌కే అట్ల ఉంటే, మొదటి అప్పీల్ వినేటాయన అదే ఆఫీసు పెద్దసారు, ఆయన బీరువనే, ఆయన తాళంచెవే, తియ్యొద్దని ఎవరన్న అడ్డం పడ్డరా. 19(5)ల గూడ ఇయ్యకపోవుడు కరెక్టే అని రుజువు చేసుకోవాల్సింది పీఐఓనే, నేను కాదు. ఇంకోటి, పదో సెక్షన్ ఉన్నది, రహస్యం ఉన్న ముక్కను నల్లగ కొట్టేసి మిగతాది ఇయ్యున్రి అంటది. కాంట్రాక్టర్ బ్యాంకు ఖాతా నంబరు కొట్టెయ్యున్రి, ఆయన ఫోన్ నంబరు కొట్టెయ్యున్రి, మా చెరువు కట్ట మందం ఎంత రాసిన్రో అదొక్కటి ఇయ్యున్రి. నల్ల స్కెచ్ పెన్ లేదంటే నా షాపుల పది రూపాయలకు దొరుకుతది.

అయితే అసలు మండేది ఇది గాదు సార్. దరఖాస్తు ఏసిన కొత్తల్ల, ఇంక నాకు జవాబే రాకముందు, ఒక పిల్లగాడు షాపుకొచ్చి అన్నా ఇవి రెండు రెండు కాపీలు తియ్యే అన్నడు. తీస్కోని మెషీన్ మీద పెట్టబోతుంటే కింది కాయిదానికి ఎడమ పక్క సన్నగ ఒక నల్ల గీత కనపడ్డది. ఆ గీత నా ప్రింటర్ది, డ్రమ్ము పాతదైంది, ఏ కాయిదం తీసినా పడ్తది. తిప్పి చూస్తే నా దరఖాస్తే! నా పేరు, మా నాయన పేరు, ఇంటి నంబరు, సెల్ నంబరు, కింద నా సంతకం. పైన ఉన్నది ఆఫీసు నుంచి కాంట్రాక్టర్‌కు పోయిన నోటీసు, పలానా ఆయన మీ పని గురించి అడిగిండు, మీ అభ్యంతరం పది రోజుల్ల చెప్పున్రి అని. పిల్లగానికి సంగతి తెల్వదు పాపం. నాలుగు కాపీలు తీసిన, ఎనిమిది రూపాయలు తీసుకున్న. పైసలిచ్చేటప్పుడు గోడకున్న నా సెల్ నంబరు చూసిండు, చేతుల కాయిదం చూసిండు, నా మొఖం చూసిండు, ఏం మాట్లాడకుండ పోయిండు.

పొద్దుగూకే వరకు కాంట్రాక్టర్ కాడి నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా మనం మనం ఒక ఊరోళ్లం, ఎం-బుక్కు నీకెందుకే, ఏమన్న ఉంటే ఇంటికి రా, చాయ్ తాగుకుంట మాట్లాడుకుందం." గొంతుల కోపం లేదు, మంచిగనే మాట్లాడిండు, కోపం చేసినా బాగుండు అనిపిచ్చింది. పక్కనే అన్నం పెడుతున్న మా ఇంటామె అంత విన్నది, మనకెందుకయ్యా ఈ లొల్లి, పిల్లలున్నరు అన్నది. ఆమెకు నేనేం చెప్పాలె?

11వ సెక్షన్ల మూడో వ్యక్తికి నోటీసు ఇయ్యాలె అని ఉన్న మాట నిజం, కాంట్రాక్టర్‌కు గూడ చెప్పుకునే హక్కు ఉంటది, కాదనం. ఏం సమాచారం అడిగిన్రో చెప్పి ఇయ్యాల్నా వద్దా అని అడగాలె, అంతవరకే. అడిగినోని దరఖాస్తు జిరాక్స్ తీసి, సెల్ నంబరుతో సహా జతచెయ్యమని ఆ సెక్షన్ల యాడ ఉన్నదో ఎవరన్న చూపియ్యున్రి. 6(2) ఏమో అడిగినోన్ని ఎందుకు అడుగుతున్నవ్ అని గూడ అడగొద్దు, సంప్రదించడానికి అవసరమైనవి తప్ప వేరే సొంత వివరాలు అడగొద్దు అంటది. 2013ల కలకత్తా హైకోర్టు అయితే అడ్రస్ గూడ రాయనక్కర్లేదు, పోస్ట్ బాక్స్ నంబరు ఇస్తే చాలు, వివరాలు బయటికి పోకుండ చూసుకోవాలె అని చెప్పింది, కేంద్రం ఆ తీర్పును అన్ని దిక్కులకు పంపింది గూడ. మా దగ్గరికి రాంగనే ఆ తీర్పు ఏ బీరువల పడ్డదో! చెరువు కట్ట కొలతలు గోప్యమట, నా ఇంటి నంబరు మాత్రం ఊరంత తిరిగొచ్చి మల్ల నా షాపుకే జిరాక్స్‌కు వచ్చింది.

ఇప్పుడు ఇంకో తలకాయనొప్పి వచ్చింది. 2023ల చేసిన డేటా ప్రొటెక్షన్ చట్టంతోని 8(1)(జె) ని మార్చిన్రు, పోయిన 2025 నవంబర్ల అది అమల్లకు వచ్చింది. ఇంతకుముందు వ్యక్తిగతం అంటే సరిపోకపోయేది, దానికి ప్రజల పనికి సంబంధం లేదు అనో ఊరికే ఒకరి సొంత విషయంల తలదూర్చినట్టు అనో చూపియ్యాల్సి ఉండె, అసెంబ్లీకి ఇయ్యగలిగింది మనిషికి గూడ ఇయ్యాలె అన్న మాట గూడ ఉండె. ఇప్పుడు అదంత పీకేసి వ్యక్తిగత సమాచారం అంటే చాలు, అయిపోయె. ఎం-బుక్ మీద కాంట్రాక్టర్ పేరు ఉంటది, ఇంజినీరు సంతకం ఉంటది, ఇంకేం, వ్యక్తిగతమే. ప్రజాహితం ఎక్కువైతే ఇయ్యొచ్చు అనే 8(2) ఇంకా బతికే ఉన్నది, గని ప్రజాహితం ఎక్కువనా తక్కువనా తూకం ఏసేటోడు ముందుగాల కాయిదం విప్పి చూడాలె గద. అందుకే ఈ ముడి ముచ్చట ఇప్పుడు ఇంకా పెద్దగైంది.

రెండో అప్పీల్ హైదరాబాద్ల రాష్ట్ర సమాచార కమిషన్‌కు పంపిన. నా అదృష్టం చూడున్రి, నేను రిజిస్టర్ పోస్ట్ చేసిన కొన్ని దినాలకే, 2023 ఫిబ్రవరిల, ఉన్న కమిషనర్ల టైం అయిపోయింది, మల్ల 2025 మే దాక కొత్తోళ్లు రాలె. రెండేండ్లకు పైన వినేటోడే లేడు. అంత కాలం ఆ ఫైలు ఎవరు చూస్తున్నట్టు? గోప్యంగ ఉంచమన్నరు గని చెదలకు అప్పజెప్పమనలే. మా షాపుకొచ్చే ఒక రిటైర్డ్ క్లర్కు నవ్వుకుంట చెప్పిండు, ఏ ఫైలు మీద అప్పీల్ ఉన్నదో ఆ ఫైలే ఆఫీసు మారినప్పుడు లారీ ఎక్కదు తమ్మీ అని. ఆయన జోకుకే అన్నడో నిజమే అన్నడో గని నాకు నిద్ర పట్టలె ఆ రాత్రి. దొరుకుతలేదు అంటే అయిపోదు, వెతకాలె, పోగొట్టినోని మీద ఎంక్వైరీ ఎయ్యాలె అని 2013ల ఢిల్లీ హైకోర్టు చెప్పింది. గని పోయినంక ఎంక్వైరీ ఏస్తే నాకు ఎం-బుక్ వస్తదా. అప్పీల్ వచ్చిన రోజే ఆ ఫైలు పేజీలకు నంబర్లు ఏసి, ఒక కాపీ సీల్ కవర్ల కమిషన్‌కు పంపిస్తే అటు గోప్యం ఉంటది ఇటు కాయిదం ఉంటది. మొత్తం ముప్పై పేజీలు, నా రేటుకైతే అరవై రూపాయలు.

జిల్లా ఆఫీసర్లకు నా కోరిక ఒక్కటే, మొదటి అప్పీల్ కొట్టేసేటప్పుడు నేను ఫైలు విప్పి చూసిన, పలానా పేజీల పలానా ముక్క పలానా కారణంతోని ఇయ్యట్లేదు అని ఆర్డర్ల రాయున్రి. రాయకుంటే ఏమైతది అంటే ఏం కాదు, అదే బాధ, రోజుకు 250 చొప్పున 25,000 దాక జుర్మానా పడేది పీఐఓ మీదనే, అప్పీల్ వినే పెద్దసారుకు చట్టంల జుర్మానా లేదు. కమిషనోళ్లన్నా అసుంటి రెండు లైన్ల ఆర్డర్లు చూసినప్పుడు ఫైలుతో సహా రమ్మని పిలవాలె. ఇగ నోటీసులకు దరఖాస్తు జతచేసుడు అయితే రేపటి సంది బంద్ చెయ్యొచ్చు, దానికి జీవో గూడ అక్కర్లేదు, స్టేప్లర్ పక్కకు పెడితే సాలు.

నా పేరు, అడ్రస్, ఫోన్ నంబరు ఉత్తరం ఎనక రాసిన, మీ రూల్ ప్రకారం ఉండాలె గాబట్టి. దయచేసి అచ్చెయ్యకున్రి. అడిగితే గూడ ఎవ్వరికి చెప్పకున్రి. తెలుసుకోవాల్సినోళ్లకు ఎట్లాగు తెలుసు, గని మా ఇంటామె పేపర్ చదువుతది.

ఒక జిరాక్స్ షాపు ఆయన, నల్లగొండ