అమ్మ క్యాలెండర్లు పారేయొద్దు

కొలంబస్, ఒహాయో

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

నిన్న నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూసి ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే మధ్యలో ఏడుస్తాను, నువ్వు "సరేలే, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. అటక మీద దొరికిన పాత క్యాలెండర్ల కట్ట పాత పేపర్లవాడికి వేసేయనా అని అడిగావు. వెయ్యొద్దు. మిగతావన్నీ మీ ఇష్టం. ఆ ఇనప బీరువా, కుట్టు మిషను, మూతల్లేని హాట్‌బాక్సులు ఏం చేసినా నేను అడగను.

ఆ గళ్ళల్లో పెన్సిల్‌తో రాసిన పేర్లు ఎవరివో పిల్లలకి ఎప్పుడైనా చెప్పావా? అన్నీ వీసాకి వచ్చినవాళ్ళవి. 2009లో హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూలు మొదలయ్యేదాకా మన ఆంధ్రా పిల్లలు అమెరికా పోవాలంటే మద్రాసు రావాల్సిందే కదా. జెమినీ బ్రిడ్జి దగ్గర ఆ అమెరికన్ కాన్సులేట్ గోడ, గోడ వెంట ప్లాట్‌ఫారం మీద క్యూ. హోటల్లో దిగే స్తోమత ఎంతమందికి ఉండేది? చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున కొందరు, పినాకినిలో మధ్యాహ్నం కొందరు, చేతిలో ఫైలు, కాళ్ళకి కొత్త బూట్లు, తిన్నగా వెస్ట్ మాంబళంలో మనింటికి. సగంమంది ఎవరి తరఫు చుట్టాలో నాన్నకే తెలిసేది కాదు. "మా పిన్ని తోటికోడలి తమ్ముడి కొడుకట" అనేది అమ్మ. ఆ ఒక్క ముక్కతో వాడికి చాప, దిండు వచ్చేసేవి.

ఉన్నది రెండు గదుల పోర్షన్. నాన్నది ప్రెస్సు జీతం. తాతయ్య నెల్లూరి నుంచి మొలగొలుకుల బస్తాలు పంపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమయ్యేవాళ్ళమో. నిజం చెప్తున్నా, అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. నా ప్లస్ టూ పరీక్షలప్పుడు ముగ్గురు దిగారు, గుర్తుందా? నేను వంటింట్లో సిలిండర్ పక్కన కూచుని చదువుకున్నా. 2003-04 కరువులో మెట్రో వాటర్ లారీ వెనక బిందెలు పట్టుకుని పరిగెత్తింది మనమిద్దరం, ఆ నీళ్ళతో తలంటుకున్నది ఎవరో గుంటూరు అబ్బాయి. అడిగితే "ఇంటర్వ్యూకి మురిగ్గా పోతాడటే?" అంది అమ్మ. మనం పౌడరు రాసుకుని కాలేజీకి పోయాం!

ఇంటర్వ్యూ రోజు నాలుగింటికే లేచేది. "ఐ ట్వంటీ పెట్టుకున్నావా అబ్బయా? డీడీ? బ్యాంకు కాగితం?" చదివింది ఐదో తరగతి, ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. పద్దెనిమిదేళ్ళకి కోవూరు దగ్గర పల్లె నుంచి వచ్చినప్పుడు తమిళం కూడా రాదు. కాగితాల రంగూ మడతా చూసి ఏది ఏదో చెప్పేసేది. గరిటెడు పులిహోర ఎక్కువే పెట్టి, "కడుపులో ఇంత పడితే ఇంగ్లీషు అదే వస్తుంది, తిను" అనేది.

వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు అమ్మ తలెత్తి చూసేది కాదు. గేటు చప్పుడు చాలు. వీసా వచ్చినవాడు గేటు తోసుకుని లోపలికొస్తాడు, గేటు అలా ఊగుతూనే ఉంటుంది. రానివాడు మెల్లగా తీసి, లోపలికొచ్చి, మళ్ళీ గొళ్ళెం పెడతాడు. గొళ్ళెం పడిందంటే అమ్మ ఒక్క మాట అడగకుండా కంచం కడిగేది. చేపల పులుసు. ఎందుకైనా మంచిదని పొద్దున్నే తెచ్చి వండి ఉంచేది కదా. సాయంత్రం నిన్ను తోడిచ్చి బీచికి పంపేది. వచ్చినవాడు ఉన్నదేదో రెండు ముద్దలు తిని రాత్రి బండికి పరిగెత్తేవాడు, ఆ పులుసు మనకి. ఎవరెవరి వీసాల కోసమో మనం అంత భక్తిగా దేవుడికి దణ్ణం పెట్టింది అందుకే.

హైదరాబాద్‌లో మొదలైందని తెలిసినప్పుడు నేనిక్కడే ఉన్నాను. ఫోన్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి అక్కడ వాళ్ళకి అన్నం ఎవరు పెడతారే?" అంది.

అన్నయ్యా, నువ్వు పెట్టిన ఫొటో 2004 జులై పేజీది. పెద్దది చేసి చూశాను. వీసా వచ్చిన ప్రతి పేరు పక్కనా టిక్కు ఉంది. నా తారీకు గడిలో "పాప" అని రాసి ఉంది. టిక్కు లేదు.

ఆ రోజు నేను గేటు తోసుకునే వచ్చాను. కేక కూడా పెట్టాను, పైన మామి బాల్కనీలోకి వచ్చి చూసింది. అమ్మ ఏమీ అనలేదు. కంచం కడిగి చేపల పులుసు వడ్డించింది. సాయంత్రం "పద, బీచికి పోయొద్దాం" అని తనే చీర మార్చుకుంది. చీకటి పడేదాకా ఇసకలో కూచున్నాం, సుండల్ పొట్లం మొత్తం నా చేతే తినిపించింది. అప్పుడు నాకేం తట్టలేదు. షాపింగ్ లిస్టు చెప్తూనే ఉన్నాను.

ఆ పేజీ మడత పడకుండా వదినని జాగ్రత్త చేయమను.

సంవత్సరీకానికి టిక్కెట్ తీసుకున్నా. పోయినేడు దోహాలో కూచుని ఫోన్‌లో కన్నమ్మపేట శ్మశానం చూడాల్సి వచ్చింది, ఈసారి నాలుగు రోజులు ముందే దిగుతాను. ఎయిర్‌పోర్టుకి రావద్దు, ఆటోలో వచ్చేస్తా. గేటుకి రంగు వేయిస్తున్నానన్నావు. వేయించు, గొళ్ళెం మాత్రం మార్చకు.

నీ చెల్లెలు