ఫండ్ పెరిగితే వ్యూహం మారక తప్పదు

సంపాదకులకు,

గత రాబడుల పట్టికలను మాత్రమే చూసి మ్యూచువల్ ఫండ్లను ఎంచుకునేవారు, ఆ రాబడులు వచ్చిన నాటికి ఆ ఫండ్ ఎంత చిన్నదో కూడా చూడాలి. 10 కోట్ల డాలర్ల ఫండ్ తన నిధిలో 2 శాతాన్ని ఒక చిన్న కంపెనీలో పెట్టడానికి 20 లక్షల డాలర్లు చాలు. అదే ఫండ్ 1,000 కోట్ల డాలర్లకు పెరిగాక అదే 2 శాతానికి 20 కోట్ల డాలర్లు కావాలి, అంటే 100 కోట్ల డాలర్ల మార్కెట్ విలువ గల కంపెనీలో ఐదో వంతు వాటా కొనాలి. అంత భారీ కొనుగోలు షేరు ధరను తానే పెంచేస్తుంది, అమ్మేటప్పుడు తానే పడగొడుతుంది. అందుకే ఫండ్ మేనేజర్ పెద్ద కంపెనీల వైపు మళ్లుతాడు, లేదా షేర్ల సంఖ్యను పెంచుతూ పోయి, చివరకు మార్కెట్ సూచీని (ఇండెక్స్‌ను) పోలిన షేర్ల సమాహారాన్నే, షేర్లను తానే ఎంచి కొనే చురుకైన నిర్వహణకు తీసుకునే అధిక రుసుముతో అందిస్తాడు. ఇది మదుపరులకు అన్యాయమని నా దృఢాభిప్రాయం.

ఉదాహరణకు, అమెరికా ఫండ్ మేనేజర్ పీటర్ లించ్ నిర్వహణలో 1977–1990 మధ్య సుమారు 1.8 కోట్ల డాలర్ల నుంచి దాదాపు 1,400 కోట్ల డాలర్లకు ఎదిగిన ఫిడెలిటీ మాగెల్లాన్ ఫండ్, ఆ తర్వాత మరింత పెరిగి, 1997లో కొత్త మదుపరులను తీసుకోవడం ఆపింది.

మార్కెట్ సూచీలోని షేర్లనే అదే నిష్పత్తిలో కొనే ఇండెక్స్ ఫండ్లకు ఈ ఇబ్బంది తక్కువ. చిన్న కంపెనీలలో మదుపు చేసే ఫండ్లు మాత్రం తాము సమర్థంగా నిర్వహించగల నిధి పరిమితిని ముందే ప్రకటించాలని, అది దాటినప్పుడు కొత్త పెట్టుబడులను ఆపాలని, వ్యూహం మారితే మదుపరులకు స్పష్టంగా తెలపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మదుపరి