రాత్రి పాము కరిస్తే మా కుక్కను ఎక్కడికి తీసుకుపోవాలి? పశుసంవర్ధక శాఖ ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది నల్గొండ దగ్గర ఒక పల్లె. రెండుసార్లు వినతిపత్రం ఇచ్చినా జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

వానాకాలంలో ఒక రాత్రి మా బత్తాయి తోటలో రక్తపింజర మా కుక్కను కరిచింది. ముఖమంతా వాచింది, చిగుళ్ల నుంచి రక్తం కారింది. ఆ టైంలో తెరిచి ఉన్న పశువుల దవాఖాన దగ్గర్లో ఒక్కటీ దొరకలేదు. కారు మాట్లాడుకుని హైదరాబాద్ బయలుదేరాం. చౌటుప్పల్ దాటకముందే నా ఒడిలోనే ప్రాణం వదిలింది. తొమ్మిదేళ్లు మా తోటకు కాపలా కాసింది. మా అమ్మ ఇప్పటికీ రాత్రి అన్నం ముద్ద తీసి పక్కన పెడుతుంది.

నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరల విషానికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే. మనుషులకు వాడేదే కుక్కలకూ వాడతారు. కాకపోతే గంటల్లోనే పడాలి. పార్వో (వాంతులు, రక్త విరేచనాలు పట్టుకునే వైరస్ జబ్బు) సోకిన కుక్కపిల్లకు సెలైన్ కావాలి. మూత్రం ఆగిపోయిన మగపిల్లికి ఒకటి రెండు రోజుల్లో గొట్టం వేయకపోతే బతకదు. ఇవేవీ తెల్లారేదాకా ఆగేవి కావు.

పెద్ద ఆసుపత్రి కట్టమని అడగడం లేదు. జిల్లా కేంద్రంలో రాత్రి డ్యూటీకి ఒక పశువైద్యుడిని వేయండి. విరుగుడు మందు, సెలైన్, ఆక్సిజన్ అక్కడ ఉంచండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనాల్లో ఒకదాన్ని రాత్రిపూట కుక్కలకు, పిల్లులకు కూడా పంపండి. వచ్చే వానాకాలంలోపు ఏం చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
నల్గొండ జిల్లా బత్తాయి రైతు