కమిషనర్ గారూ, మంత్రసాని సందును ఎక్కడ పారేశారు?

మునిసిపల్ కమిషనర్ గారికి,

నమస్కారం. ఊరి పేరు ఈ లేఖలో రాయడం లేదు. చిత్తూరు జిల్లాలో కొత్త డోరు నంబర్లూ నీలం బోర్డులూ వచ్చిన మునిసిపాలిటీ మాది అంటే తమరికి తెలిసిపోతుంది. పాత వీధి పేర్లు తీసేసి రోడ్డు నంబర్లు పెట్టిన విషయం మీద మా వీధివాళ్లు ఇచ్చిన అర్జీలు మీ కార్యాలయంలో ఒక ఫైలు నిండా ఉండాలి. సోమవారం నాటి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చినదానికైతే 'పరిష్కారమైంది' అని నా ఫోనుకు సందేశం కూడా వచ్చింది. పరిష్కారం ఏమిటో కనుక్కుందామని వార్డు సచివాలయానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "మూసేసినట్టు చూపిస్తోంది సార్, అంతకు మించి ఏమీ లేదు" అంది. పాపం ఆమెను అని లాభం లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది మంత్రసాని సందు. మీ బోర్డుల ప్రకారం ఒక కొసన అది 'రోడ్డు నం. 7, అడ్డ రోడ్డు 2'. రెండో కొసన 'రోడ్డు నం. 9, అడ్డ రోడ్డు 1'. ఈ కొసన నిలబడి పిలిస్తే ఆ కొసన పలుకుతారు, అంత చిన్న సందు. మధ్యలో ఉన్న మా ఇల్లు ఏడులోకి వస్తుందా, తొమ్మిదిలోకి వస్తుందా అని అడిగితే మీ సిబ్బంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మొదటి కొసన గోడకు ఒక ఎనామిల్ రేకు ఉండేది. మునిసిపాలిటీ వారే ఎప్పుడో పెట్టించారు. నీలం మీద తెల్ల అక్షరాలు, 'సాని' దగ్గర పెచ్చు లేచి తుప్పు పట్టింది. కొత్త బోర్డు బిగించడానికి వచ్చిన మనిషి దాన్ని విప్పే శ్రమ కూడా పడలేదు. 'మంత్ర' అన్న చోట డ్రిల్లుతో తూట్లు పొడిచి, దాని మీదనే కొత్తది బిగించి, నిచ్చెన భుజాన వేసుకుని పోయాడు. గోడకు చెంప ఆనించి పక్క నుంచి చూస్తే 'సందు' ఇప్పటికీ కనిపిస్తుంది. వీలున్నప్పుడు వచ్చి చూడండి. ఏ రోడ్డులో వెతకాలో మాత్రం నేను చెప్పలేను.

ఆ పేరు ఏ కౌన్సిలూ తీర్మానం చేసి పెట్టింది కాదు. సందు చివరి పెంకుటింట్లో ఒక అవ్వ ఉండేది. మా తరం వాళ్లం చాలామంది ఆమె చేతుల్లోనే పడ్డాం. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా రాత్రిపూట నొప్పులు మొదలైతే బండి కట్టుకుని వచ్చి, ఊళ్లోకి అడుగు పెడుతూనే మంత్రసాని ఇల్లు ఎటు అని అడిగేవారట. కాన్పు కష్టమైతే ఆ బండిలోనే తానూ ఎక్కి పెద్దాసుపత్రి దాకా వెళ్లేదని మా అమ్మ చెప్పేది. వచ్చినవాళ్లు అడగగా అడగగా సందుకు ఆ పేరు పడిపోయింది. ఆమె పోయిన తర్వాత కూడా జనం మరో పేరు వెతుక్కోలేదు. అప్పటి మునిసిపాలిటీ అధికారులు జనం నోట విన్నది రాసుకుని, రేకు చేయించి గోడకు కొట్టించారు. అలా రాసుకోవడం వారికి నామోషీ అనిపించలేదు.

మిగతా వీధులూ ఇంతే. ఐవారి వీధిలో ఉండిన అయ్యవారు బడి వదిలాక తిన్నె మీద కూర్చుని ఊరందరికీ ఉత్తరాలూ కోర్టు అర్జీలూ రాసిపెట్టేవారు. గానుగల వీధిలో ఇప్పుడున్నవి సెల్‌ఫోన్ల కొట్లు. అయినా ఒక ఇంటి ముందు కాళ్లు కడుక్కునే రాయి ఉంది, బోర్లించిన గానుగ రోలు అది. సంత వీధి, బెల్లం మండీ వీధి సంగతి చెప్పే పని లేదు. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది 1965లో. ఈ పేర్లు అంతకంటే పాతవి.

పెద్ద ఊళ్లు కూడా ఇలాగే పేర్లు పెట్టుకున్నాయి. తిరుపతిలో మాడ వీధులకు గోవిందరాజస్వామి గుడి వల్ల పేరొస్తే, ఆ దగ్గరలోని కర్నాల వీధి, బేరి వీధి, బండ్ల వీధి పేర్లలో మనుషులూ వాళ్ల పనులూ కనిపిస్తాయి. నాలుగు స్తంభాలు కనిపించిన చోటును జనం నాలుగు కాళ్ల మండపం అనేశారు. సినిమా హాలు పేరు మీద లీలామహల్ సర్కిల్ వచ్చింది. పేర్లను కుదించడం మొదలుపెడితే ఏమవుతుందో కూడా తిరుపతిలోనే చూడవచ్చు. తీర్థకట్ట వీధి టి.కె. స్ట్రీట్ అయింది, కపిలతీర్థం రోడ్డు కె.టి. రోడ్డు అయింది, ముత్యాలరెడ్డిపల్లి ఎం.ఆర్.పల్లి అయింది. ఆలిండియా రేడియో పేరు మీద వచ్చిన దారిని ఎయిర్ బైపాస్ రోడ్డు అంటున్నారు. ఊరికి కొత్తవాళ్లు అది విమానాశ్రయానికి పోయే దారి అనుకుంటే తప్పు పట్టలేం. విమానాశ్రయమేమో రేణిగుంట దగ్గర ఉంది. ఇక చిత్తూరులో కలిసిపోయిన కట్టమంచికి ఎవరో ఒక నంబరు తగిలించి ఉంటే, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారి ఇంటిపేరు ఏ ఊరిదో మన పిల్లలకు ఎలా చెప్పేవాళ్లం? పొడి అక్షరాల్లో పేరు సగమైనా మిగులుతుంది. మీరు ఆ సగం కూడా ఉంచలేదు.

ఇదంతా ముసలివాళ్ల ముచ్చట అని మీరు పక్కన పెడతారని తెలుసు. సరే, దస్తావేజు సంగతి వినండి.

ఇల్లు మా అమ్మాయి పేర రాయాలనుకున్నాను. మా తాతగారు కొన్ననాటి దస్తావేజులో హద్దులు చెప్పే చెక్కుబందీలో 'పడమర: మంత్రసాని సందు' అని స్పష్టంగా ఉంది. కొత్త పన్ను రసీదులో రోడ్డు నంబరు ఉంది. రెండూ ఒకటేనని మునిసిపాలిటీ నుంచి కాగితం తెస్తే తప్ప ముందుకు కదలదని దస్తావేజు లేఖరి చెప్పాడు. న్యాయమే కదా అని మీ కార్యాలయానికి వచ్చాను. పాత పేర్ల రికార్డు తమ దగ్గర లేదన్నారు. మీరే ఇచ్చిన, మీ ముద్రే ఉన్న పాత ఇంటి పన్ను రసీదు చూపించాను. "ఇది పాత సాఫ్ట్‌వేర్‌లోది, ఇప్పుడు తెరుచుకోదు" అన్నారు. ఆ రసీదు చేత్తో రాసింది కమిషనర్ గారూ, సిరా మరక కూడా ఉంది. ప్రమాణపత్రం ఇమ్మంటే నోటరీ చేయించి ఇచ్చాను. ప్లానింగ్ కార్యదర్శి విచారణ నివేదిక కావాలన్నారు. ఆయన వచ్చి, కొలిచి, ఇల్లు ఏడో రోడ్డా తొమ్మిదో రోడ్డా తేలితే గానీ సంతకం పెట్టలేనన్నారు. అది తేల్చాల్సింది ఇంజనీరింగ్ విభాగమట. వాళ్లను అడిగితే టౌన్ ప్లానింగ్ అన్నారు, టౌన్ ప్లానింగ్ వాళ్లు సర్వే చేసిన ఏజెన్సీని అడగమన్నారు, ఆ ఏజెన్సీ గడువు ముగిసి బిల్లు తీసుకుని వెళ్లిపోయిందట. బిల్లు చెల్లించేటప్పుడైనా సందు ఏ రోడ్డులో ఉందో ఎవరూ అడగలేదా?

మా అమ్మాయి బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని రావడం, ఉత్త చేతులతో తిరిగి వెళ్లడం మామూలైపోయింది. ఈ తడవైనా పని అవుతుందా నాన్నా అని అది అడిగితే నాకు తల తిరిగిపోతోంది. పక్కింటి ఆయన బ్యాంకు అప్పు ఇదే కారణంగా ఆగింది. ఎదురింటి పెద్దాయనకు గుండె నొప్పి వచ్చిన రాత్రి 108 బండి తొమ్మిదో రోడ్డంతా తిరిగింది. చివరకు డ్రైవరు టీ కొట్టు దగ్గర ఆపితే, మంత్రసాని సందు అని చెప్పి దారి చూపించింది ఆ కొట్టు కుర్రవాడే. దేవుడి దయవల్ల పెద్దాయన బాగున్నాడు. ఆ రాత్రి పనికొచ్చిన పేరు మీ రికార్డులో లేదు!

పాత పేర్లన్నీ పూజించదగినవని నేను అనను. ఒక కులాన్ని కించపరిచే పేరు ఏ వీధికైనా ఉంటే తీసేయండి. కులాల పేర్లున్న వీధుల పేర్లు మార్చాలని పొరుగున తమిళనాడు ప్రభుత్వం 2025లో ఉత్తర్వే ఇచ్చింది. అయితే మార్చేముందు ఆ వీధిలో ఉండేవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. మా ఊళ్లో ఎవరిని అడిగారు? బోర్డు బిగించే రోజున కూడా మమ్మల్ని అడిగింది ఒక్కటే, కరెంటు కనెక్షన్ ఇస్తారా డ్రిల్లుకు అని. ఇచ్చాం. మా కరెంటుతోనే మా పేరుకు తూట్లు పొడిచారు.

అయ్యా, నంబర్లు ఉంచుకోండి, మీ కంప్యూటర్‌కు అవి కావాలంటే వద్దనం. పేరు కూడా బోర్డు మీద రాయించండి, అదీ పెద్ద అక్షరాల్లో. ఫలానా పాత పేరు ఫలానా కొత్త నంబరు అని ఒక పట్టిక తయారు చేయించి, సంతకం పెట్టి రిజిస్ట్రేషన్ కార్యాలయానికి పంపండి. వీధికొకరు చొప్పున పెద్దవాళ్లున్నారు, పిలిస్తే ఒక్క పూటలో పేర్లన్నీ చెబుతారు, కాఫీ కూడా మేమే ఇప్పిస్తాం. మా సందు ఏడో తొమ్మిదో తేల్చండి. పట్టిక కుదరకపోతే నాకు కావలసిన ఆ ఒక్క కాగితమైనా ఇప్పించండి. అసలు మా అర్జీని 'పరిష్కారమైంది' అని మూసినవారెవరో, ఏమి చూసి మూశారో చెప్పించండి. బోర్డు మీద పేరు రాయించండి. ఇది ఇంతకు ముందే అడిగానని తెలుసు, మళ్లీ అడుగుతున్నాను.

జవాబు పంపే ఉద్దేశం ఉంటే దయచేసి పాత చిరునామాకే పంపండి. కొత్త చిరునామాతో వచ్చిన ఉత్తరాలను పోస్ట్‌మ్యాన్ నా దగ్గరకే తెచ్చి, ఇవి ఎవరివి సార్ అని అడుగుతున్నాడు.

ఇట్లు,
మంత్రసాని సందు నివాసి,
ఇంటి పన్ను బాకీ లేనివాడు