పరుగులు కూడితే క్రికెట్ పాఠం కాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక తరగతుల్లో పాఠాలకు క్రికెట్‌ని వాడుకోవాలన్న మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. టీచర్‌గా నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన ఇది. కానీ చాలాచోట్ల జరుగుతున్నది చూస్తే బాధేస్తోంది. లెక్కల్లో పండ్లు తీసేసి ఆ చోట పరుగులు పెడుతున్నారు, అంతే. ఒకరు 5 పరుగులు, ఇంకొకరు 7 పరుగులు చేస్తే మొత్తం ఎన్ని అని అడిగితే పిల్లలకు కొత్తగా ఒరిగేదేముంది?

ఆటలోనే ఉన్న లెక్కను బయటికి తీయాలి. స్కోరుబోర్డు మీద 3.4 ఓవర్లు అని ఉంటుంది, అంటే మూడు ఓవర్ల నాలుగు బంతులు. దానికి ఇంకో 2.5 ఓవర్లు కలపమంటే చాలామంది పిల్లలు 5.9 అంటారు. అక్కడే ఆగాలి. "ఓవర్‌కి ఎన్ని బంతులు?" అని ఒక్క మాట అడిగితే క్లాసంతా గోల. వేళ్లు మడుస్తారు, వాదించుకుంటారు, ఓవర్‌కి ఆరు బంతులు కాబట్టి చివరికి 6.3 అని వాళ్లే తేలుస్తారు. ఆ చుక్క దశాంశ బిందువు కాదని పట్టుకున్న పిల్లలకు గంటలు, నిమిషాల కూడికలు చెప్పడం ఎంత తేలికో!

సగటు చెప్పాలంటే ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ ఉండనే ఉన్నాడు. టెస్టుల్లో 6,996 పరుగులు, 70 సార్లు ఔట్. భాగిస్తే 99.94. 1948లో ఓవల్‌లో ఆడిన ఆఖరి ఇన్నింగ్స్‌లో సున్నాకే ఔటయ్యాడు. ఆ రోజు ఎన్ని పరుగులు చేసి ఔటైతే సగటు సరిగ్గా 100 అయ్యేది? జవాబు నాలుగే అని తేలగానే పిల్లలు "అయ్యో" అంటారు. భాగహారం చేసి అయ్యో అనడం నేనింకెక్కడా వినలేదు.

సాంఘిక శాస్త్రానికీ దారి ఉంది. వెస్టిండీస్ దేశాన్ని మ్యాపులో వెతకమనండి, దొరకదు. జమైకా, బార్బడోస్ లాంటి ద్వీపాలతో పాటు దక్షిణ అమెరికా ఖండం మీదున్న గయానా కూడా ఆ జట్టులోదేనని తెలిశాక పిల్లలు అట్లాసును వదలరు. మహిళల ప్రపంచ కప్ మొదట 1973లో జరిగింది, పురుషులది 1975లో. ఇది మగపిల్లల ఆట అనుకునే క్లాసులో ఈ రెండు సంవత్సరాలూ బోర్డు మీద పక్కపక్కన రాయాలి. భాషకైతే కామెంటరీ చాలు. నోరు విప్పని పిల్లలు కూడా ఒక ఓవర్ చెప్పడానికి ముందుకొస్తారు.

ఆట ఇష్టంలేని పిల్లలూ ఉంటారు. వాళ్ల చేతికి బ్యాట్ ఇచ్చి టెన్షన్ పెట్టొద్దు. 22 గజాల పిచ్‌ని టేపుతో కొలిచి 20.12 మీటర్లు వస్తుందో లేదో చూసే పని, స్కోరు రాసే పని వాళ్లకివ్వండి. అవీ పాఠాలే.

పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారికి, టీచర్లకు శిక్షణ ఇచ్చేవారికి నా విన్నపం ఒకటే. ఇలాంటి పాఠాలను బయట మైదానంలో, లెక్కలకో సైన్సుకో కేటాయించిన పీరియడ్‌లోనే పెట్టించండి. దీన్ని సాకుగా చూపి, ఉన్న ఆటల పీరియడ్‌ని మాత్రం లాక్కోవద్దు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని